ఆయన అడిగిన కూర

మా ఆయన వంటపని చేసేవారు. ఈ మాట నలుగురిలో చెప్పడానికి నాకు చాలాకాలం సిగ్గుగా ఉండేది. నేను నర్సుని. మస్కట్‌లో మా ప్రార్థన కూటానికి వచ్చే తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రి ఉద్యోగులే. బాపట్ల, ఒంగోలు, నరసాపురం వైపు వాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా "మీవారు ఏం చేస్తారమ్మా?" అని అడిగితే "కంపెనీలో" అనేసి ఊరుకునేదాన్ని. కంపెనీ అంటే ఏదైనా కావచ్చు కదా.

డెబ్భైల మొదట్లో ముందు నేను వెళ్ళాను. అప్పట్లో ఒమాన్‌లో ఆసుపత్రులు కొత్తగా లేస్తున్నాయి, నర్సులు కావాలి. ఏడాది తిరిగాక ఆయన్ని రప్పించుకున్నాను. మా దేశంలో ఉండగా ఆయన స్టేషన్ భోజనశాలలో పనిచేశారు, తర్వాత కొన్నాళ్ళు మిషన్ బంగళాలో దొరలకి వండిపెట్టారు. ఆ అనుభవంతోనే మస్కట్‌లో రోడ్లు వేసే ఒక ఫ్రెంచి కంపెనీ గెస్ట్‌హౌస్‌లో కుక్‌గా దొరికింది. మా రూమ్ మత్రాలో, రేవుకి వెనకాల సందులో. ఒక గది, ఒక వంట మూల, మెట్ల పక్కన నీళ్ళ ట్యాంకు. పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ పోయింది. దాని గురించి మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

గెస్ట్‌హౌస్‌లో పెద్ద ఇంజనీరు, ఆయన భార్య ఉండేవారు. మా ఆయన వాళ్ళని సార్, మేడమ్ అనేవారు, నేనూ అలాగే అన్నాను. మేడమ్‌కి వంట పెద్దగా రాదు. సార్‌కేమో తన తల్లి చేతివంట మీద ప్రాణం. ఆ తల్లి ఉండేది ఫ్రాన్స్‌లో, బర్గండీ అనే ద్రాక్షతోటల సీమలో ఒక పల్లెటూళ్ళో. అక్కడ తన పెద్ద రాతి ఇంట్లో నాలుగు గదులు బాటసారులకి అద్దెకిచ్చి, వాళ్ళకి రెండు పూటలా తనే వండిపెడుతుందట. వైన్ కొనడానికి వచ్చేవాళ్ళు వైన్ కోసం ఒక రోజు, ఆవిడ భోజనం కోసం రెండు రోజులు ఉండిపోతారని సార్ గొప్పగా చెప్పేవారట.

ఈ సంగతులన్నీ మా ఆయన సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి నాకు చెప్పేవారు. చెబుతూ చెబుతూ చేతులు తిప్పేవారు, గిన్నె ఎదురుగా ఉన్నట్టు.

"గుడ్డు పగలగొట్టి నేరుగా మరిగే వైన్‌లో వదులుతారంటే నమ్ముతావా? తెల్లసొన ఊదా రంగుకి తిరుగుతుంది."

"ఛీ," అనేదాన్ని నేను.

"ఛీ ఏంది? ఉడికాక అందులో మత్తేమీ ఉండదే. అంతా ఆవిరైపోద్ది."

మాది భక్తి విషయంలో గట్టి ఇల్లు. మా నాన్న సంఘ పెద్ద. మా పేటలో కల్లుపాక ముందు నుంచి నడవాల్సి వస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచినవాళ్ళం. అలాంటిది, మా ఆయన రోజూ సీసాలకి సీసాలు గిన్నెల్లో ఒంపుతున్నారంటే నాకు ఒళ్ళు జలదరించేది. పైగా ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక, కూటంలో ఒక పెద్దాయన అందరి ముందూ నవ్వుతూ అన్నారు: "మన సిస్టర్‌గారి ఇంట్లో సారా కూర వండుతారంటగా?" అందరూ నవ్వారు. నేను తల దించుకుని చెప్పులు వేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మా ఆయన గెస్ట్‌హౌస్ నుంచి కేరేజి పట్టుకుని వచ్చారు. అలా ఎప్పుడూ తెచ్చేవారు కాదు. మత్రా సూక్‌లో, అంటే బజార్లో, నాటుకోడి దొరికిందట. ముందు రోజే ముక్కలు కోసి ఎర్ర వైన్‌లో నానబెట్టి, చిన్న చిన్న ఉల్లిపాయలు, పుట్టగొడుగులు వేసి సన్నసెగ మీద పొద్దుటంతా ఉడికించారట. సార్ మూడుసార్లు వడ్డించుకుని, "మా అమ్మ చేసినట్టే ఉంది" అన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడాలి. నలభై ఏళ్ళ మనిషి, పరీక్ష పాసైన పిల్లాడిలా ఉన్నారు.

"ఒక్క ముక్క. నా కోసం," అన్నారు కేరేజి మూత తీస్తూ.

వాసన గదంతా నిండింది. ఆకలి పుట్టించే వాసన. అది నాకింకా కోపం తెప్పించింది.

"నాకొద్దు. ఆ గిన్నె నా పొయ్యి దగ్గర పెట్టొద్దు. నలుగురూ నవ్వుతున్నారు తెలుసా మిమ్మల్ని చూసి? ఆ చేత్తో నా కంచం ముట్టుకోకండి."

ఆయన మూత పెట్టేసి, కేరేజి పట్టుకుని బయటికి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని ఒక్కరే తిన్నారు. కిందింటి బలూచీ ఆయన పలకరిస్తే ఏదో జవాబు చెబుతున్న గొంతు వినబడింది. తిరిగి వచ్చి కేరేజి రెండుసార్లు సబ్బుతో కడిగారు. ఆ తర్వాత ఎప్పుడూ గెస్ట్‌హౌస్ నుంచి ఏమీ తేలేదు. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో అన్నం, చారు, ఎండుచేప వేపుడు చేసి మూతపెట్టి ఉంచేవారు. గిన్నెల గురించి, గుడ్ల గురించి చెప్పడం కూడా మానేశారు. నాకది హాయిగానే అనిపించింది అప్పుడు.

ఆ మాట అన్న మూడు నెలలకి ఆయన పోయారు.

సూర్ అనే ఊరికి వెళ్ళే దారిలో, కొండల మధ్య కంపెనీకి ఒక సైట్ ఉండేది. అక్కడి వంటమనిషికి జ్వరం వచ్చింది. మూడు రోజులు నువ్వు వెళ్ళి చూసుకోమని సార్ మా ఆయనతో అన్నారు. సామాన్ల లారీలో తెల్లవారుతూనే బయలుదేరారు. అప్పటికి సూర్‌కి సరైన రోడ్డు లేదు. వాదీల్లోంచే, అంటే ఎండిన రాళ్ళ ఏళ్ళలోంచే బండ్లు నడిచేవి. జనవరి నెల. మస్కట్‌లో చుక్క వాన లేదు. ఎక్కడో పై కొండల్లో కురిసింది.

ఆ రోజు నేను ఆడవాళ్ళ వార్డులో ఉన్నాను. మధ్యాహ్నం దాటాక మా మేట్రన్ వచ్చి, నా చేతిలో మందుల ట్రే తను తీసుకుని, వరండాలోకి వెళ్ళమంది. వరండాలో సార్ నిలబడి ఉన్నారు. బూట్ల నిండా బురద. ఆయన పక్కన లారీ డ్రైవరు, పఠాన్. తల మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు.

"పానీ దీవార్ జైసా ఆయా, సిస్టర్," అన్నాడు. నీళ్ళు గోడలా వచ్చాయట. డ్రైవరు తలుపు తీసుకుని దూకి రాళ్ళు పట్టుకున్నాడు. మా ఆయన వైపు తలుపు తెరుచుకోలేదు.

సార్ ఇంగ్లీషులో ఏదో అన్నారు. "నేను పంపాను, నేనే పంపాను," అన్నది మాత్రం అర్థమైంది. నేను ఆయన ముఖంలోకి చూడలేదు.

మర్నాడు దొరికారు. మా ఆసుపత్రికే తెచ్చారు. ఎన్నో శవాలకి స్నానం చేయించిన చేతులు నావి. ఆ రోజు మాత్రం నన్ను లోపలికి రానివ్వలేదు, నా తోటి నర్సులే చేశారు. సముద్రం పక్కన, కొండల మధ్య ఇరుకైన స్థలంలో క్రైస్తవుల సమాధులున్నాయి. అక్కడ పెట్టాం. కూటంవాళ్ళందరూ వచ్చారు. నవ్విన పెద్దాయన కూడా వచ్చి, ప్రార్థన చేసి ఏడ్చారు.

ఆ తర్వాతి నెలల గురించి నాకు పెద్దగా జ్ఞాపకం లేదు. డ్యూటీకి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని. సార్ రెండుసార్లు రూమ్‌కి వచ్చారు. తలుపు తీసి, కుర్చీ వేసి, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. మూడోసారి రాలేదు.

ఆగస్టు ఎండల్లో ఒకరోజు మేడమ్ ఒక్కతే వచ్చింది. చెమటతో తడిసిపోయి, మెట్లెక్కిన ఆయాసంతో, మంచం మీద నా పక్కనే కూర్చుంది.

"మా అత్తగారు నిన్ను చూడాలంటున్నారు," అంది ఇంగ్లీషులో.

"నన్నెందుకు? ఆవిడకి నేనెవరో తెలియదు కదా."

"తెలుసు. అతను ఆవిడకి ఉత్తరాలు రాసేవాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి. మా అత్తగారికి ఉత్తరం రాయాలన్నా నా చేతే రాయించేవారు. అలాంటిది, ఫ్రాన్స్‌లో ఎవరో ముసలావిడకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాశారా? అవి మేడమ్ ఫ్రెంచిలోకి మార్చి పంపేదట. ఆవిడ జవాబులు మళ్ళీ ఇంగ్లీషులో ఈయనకి చదివి చెప్పేదట. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, రోషం. నా మొగుడు నాకు తెలియకుండా ఒకరితో ఇన్ని మాటలు మాట్లాడుకున్నాడా అని.

"ఏం రాశారు?" అన్నాను.

"అది ఆవిడే చెబుతానంది. వచ్చే నెల ద్రాక్ష కోతలకి నేను ఊరు వెళ్తున్నాను. నాతో రా. పది రోజులు."

మేట్రన్ సెలవిచ్చింది. కూటంలో కొందరు "వైన్ ఊరికా వెళ్తున్నావు?" అన్నారు.  ఆ ఉత్తరాల్లో ఏముందో తెలుసుకోవాలి, అంతే నా మనసులో ఉన్నది.

సీబ్ ఎయిర్‌పోర్టులో ఎక్కి, బహ్రెయిన్‌లో మారి, పారిస్‌లో దిగి, అక్కడి నుంచి రైల్లో వెళ్ళాం. స్టేషన్ నుంచి కారు. దారి పొడవునా కొండవాలు మీద ద్రాక్షతోటలే. మా వైపు పందిళ్ళ మీద పాకే ద్రాక్ష కాదు. నడుమెత్తు కూడా లేని మొక్కలు, పొగాకు చేలో సాళ్ళలాగా వరసగా. మస్కట్ బోడికొండలు చూసి చూసి ఉన్న కళ్ళకి ఆ పచ్చదనం నొప్పి పుట్టించింది.

పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. పొట్టి మనిషి, నల్ల గౌను, దాని మీద వంట గుడ్డ. డెబ్భై దాటి ఉంటాయి. యుద్ధంలో భర్త పోయినప్పటి నుంచి నలుపే కడుతుందని మేడమ్ తర్వాత చెప్పింది. తెల్లచీరలో ఉన్న నన్ను ఆవిడ కిందినుంచి పైదాకా చూసి, నా రెండు చేతులూ పట్టుకుంది. గరుకు చేతులు. ఏదో అంది.

"చన్నీళ్ళలో పెట్టినట్టున్నాయి నీ చేతులు, ముందు సూప్ తాగు అంటోంది," అని మేడమ్ చెప్పింది.

నాకిచ్చిన గది మేడ మీద. అద్దెకిచ్చే నాలుగు గదుల్లో అదే మంచిదట. కిటికీ తీస్తే కింద తోట. మంచం ఎంత ఎత్తంటే ఎక్కడానికి చిన్న పీట వేశారు. కూర్చుంటే నడుములోతు దిగిపోయే ఈకల పరుపు. దుప్పట్లకి ఎండలో ఆరిన వాసన. అలాంటి గదిలో నేను జన్మలో పడుకోలేదు. ఆయన ఇది చూసి ఉంటే పరుపు నొక్కి చూసి, దుప్పటి ఎత్తి చూసి, "దీనికెన్ని బాతులు పట్టుంటాయో" అని లెక్క వేసేవారు. ఆ మాట ఎవరికీ చెప్పలేక ఊరికే కిటికీ దగ్గర నిలబడ్డాను.

భోజనం కింద పెద్ద వంటగదిలో. పన్నెండుమంది పట్టే పొడుగు బల్ల. ఇద్దరో ముగ్గురో అద్దెకున్న పెద్దమనుషులు, మధ్యాహ్నమైతే తోటలో ద్రాక్షగుత్తులు కోసి వచ్చిన కూలీలు కూడా అదే బల్ల. ఎవరికీ తొందర లేదు. ముందు సూప్, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత చీజ్ అని వాళ్ళు చేసే జున్నులు, చివర పళ్ళు. ఒక జున్నయితే మూత తీయగానే ఎండుచేపల గంప పక్కన కూర్చున్నట్టుంది. జనం మాత్రం కళ్ళు మూసుకుని తింటున్నారు. గంటన్నర కూర్చునేవాళ్ళం.

మొదటి రోజు రెండో వంటకంగా గుడ్లు వచ్చాయి. నల్లటి పులుసులో ఊదారంగు తిరిగిన గుడ్లు, పక్కన వేయించిన రొట్టె. చూడగానే తెలిసిపోయింది. ఆయన చేతులు తిప్పుతూ చెప్పినవే. రెండో రోజు ఆవపిండి పట్టించి వండిన కుందేలు. అదీ చెప్పారు: "మన ఆవే, కానీ ఘాటు ముక్కుకెక్కదు, నాలిక మీదే ఉండిపోద్ది." మూడో రోజు వైన్‌లో ఉడికించిన బేరిపళ్ళు. ప్రతి పూటా ఏదో ఒకటి వచ్చేది, ప్రతిదీ నాకు ముందే తెలిసినదే. చూడని ఊరు, రాని భాష, కానీ కంచంలో ఉన్నవన్నీ పరిచయమున్నవే. చేతులు తిప్పి చూపించిన మనిషి మాత్రం లేరు.

నేను రొట్టె, సూప్, పళ్ళు తిన్నాను. కుందేలు తిన్నాను. వైన్ పడిన వాటిని కంచంలో అటూ ఇటూ జరిపి వదిలేశాను. పెద్దావిడ చూస్తూనే ఉంది. నా కంచం తీసి పక్కన పెట్టి ఇంకో ముక్క రొట్టె, వెన్న నా ముందుకు జరిపేది.

నాలుగో రోజు మధ్యాహ్నం కూలీలు వెళ్ళిపోయాక ఆవిడ బల్ల తుడిచి, చేతులు తుడుచుకుని, బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో నాలుగు ఉత్తరాలు. మా ఆయన రాసిన ఇంగ్లీషు కాగితాలు, వాటికి గుచ్చి మేడమ్ రాసిన ఫ్రెంచి కాగితాలు. గుండ్రటి అక్షరాలు, గీత గీసుకుని రాసినట్టున్న వరసలు. ఆయనవే. చెయ్యి పెట్టి తాకాను గానీ చదవడానికి కళ్ళు ఆనలేదు. మేడమ్ చదివింది.

మొదటిది కోడికూర గురించి. ఎంతసేపు నానబెట్టాలి, ఏ వైన్, మస్కట్ కోడి ముదురు కాబట్టి ఏం చేయాలి. రెండోది వందనాలు. "మీ అబ్బాయి మూడుసార్లు వడ్డించుకున్నారు. నాకు బహుమతి ఇచ్చినట్టుంది," అని.

మూడో ఉత్తరం చదవబోతూ మేడమ్ ఆగింది. పెద్దావిడ చెయ్యి ఊపి, చదవమంది.

"అమ్మగారూ, నా భార్య వైన్ ముట్టదు. దేవుడి విషయంలో గట్టి మనిషి, అందుకు నాకు ఆమె అంటే గౌరవం. కానీ నేను చేసే పనుల్లో మంచిది ఇదొక్కటే. అది ఆమె రుచి చూడకపోతే నాకు వెలితిగా ఉంది. వైన్ లేకుండా ఈ కూర వస్తుందా? దయచేసి చెప్పండి."

నేను ఆయన్ని కేరేజితో బయటికి పంపిన వారానికే రాసిన ఉత్తరం అది. నా మీద ఒక్క మాట ఫిర్యాదు లేదు అందులో.

"నేను రాదు అని రాశాను," అంది పెద్దావిడ. మేడమ్ ఒక్కొక్క మాటా చెబుతూ వచ్చింది. "వైన్ లేకపోతే అది ఆ కూరే కాదు అన్నాను. నాకు కోపం వచ్చింది కూడా. ఎవరీ పిచ్చివాడు అనుకున్నాను. అప్పుడు ఇది రాశాడు."

నాలుగో ఉత్తరం రెండే వాక్యాలు. "మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది అమ్మగారూ. అయినా ఏదో ఒకటి చెప్పండి."

పెద్దావిడ ఆ తర్వాత పూనుకుందట. నల్లద్రాక్షల రసం తీసి వండి చూసింది, తియ్యగా వచ్చింది, పారబోసింది. వెనిగర్ కలిపింది, పులిసింది. ఎముకల రసం, ఎండు ఆల్‌బుకరా పళ్ళు. చలి మొదలైనప్పటి నుంచి క్రిస్మస్ దాకా, అద్దెకు దిగినవాళ్ళందరికీ పెట్టి చూసింది. చివరికి పరవాలేదు అనిపించాక రాసి పంపింది. ఆ ఉత్తరం మస్కట్ చేరేసరికి ఆయన సైట్‌కి బయలుదేరి వెళ్ళి ఉన్నారు. వచ్చాక చదివి చెబుదామని మేడమ్ బల్ల మీద పెట్టుకుంది. అది ఇప్పుడు చేతిసంచీలోంచి తీసింది.

అందులో కొలతలన్నీ ఉన్నాయి. అడుగున పెద్దావిడ ఒక మాట రాసింది: "వెనిగర్ కూడా వైన్‌తోనే చేస్తారు. ఆ సంగతి నీ భార్యకి చెప్పకు."

నాకు నవ్వు వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి, పెద్దగా, ఆపుకోలేనంత నవ్వు. పెద్దావిడ కూడా నవ్వింది. ఎప్పుడు ఏడుపులోకి మారిందో నాకు తెలియదు. ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ చేత్తో నా కంచం ముట్టుకోవద్దన్నానని తెలుగులోనే చెప్పాను వాళ్ళకి. వాళ్ళకి అర్థం కాదు. చెప్పగలిగింది అందుకేనేమో. పెద్దావిడ నా వీపు మీద చెయ్యి వేసి, పిల్లని నిద్రపుచ్చుతున్నట్టు తడుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే లేచి కిందికి దిగేసరికి పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. రెండిట్లోనూ కోడి. ఒకటి వైన్‌తో, ఒకటి ఆయన అడిగినట్టు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చిన్న ఉల్లిపాయల గంప ఇచ్చింది. ఇద్దరం పొట్టు తీశాం. ఒక్క మాట తెలియదు ఒకరిది ఒకరికి. నేను పొట్టు మందంగా తీస్తే నా చేతిలోంచి లాక్కుని, విసుక్కుంటూ ఎలా తీయాలో చూపించింది. మా అత్తగారు కూడా నా వంటపనికి అలాగే విసుక్కునేది.

మధ్యాహ్నం అందరికీ వైన్ కోడి వడ్డించి, నా ముందు రెండో గిన్నె పెట్టింది. తను ఎదురుగా కూర్చుని, తినకుండా నన్నే చూస్తోంది.

తిన్నాను. కాస్త పులుపు, కాస్త తీపి. ముక్క ఎముక నుంచి దానంతటదే విడిపోయింది. మన పులుసుకి దూరపు చుట్టంలా ఉంది. బాగానే ఉంది. కంచం ఖాళీ చేశాను.

"నిజం చెప్పమంటోంది," అంది మేడమ్.

"బాగుంది. ఇప్పుడు అది పెట్టమనండి," అన్నాను మొదటి గిన్నె చూపిస్తూ.

మేడమ్ నా వైపు తిరిగింది. "నువ్వు తినక్కర్లేదు సిస్టర్. ఆవిడేమీ అనుకోదు."

"ఆయన తెచ్చింది అదే. అదే పెట్టండి."

పెద్దావిడ లేచి కొత్త కంచం తెచ్చింది. ఒక తొడ ముక్క, నాలుగు ఉల్లిపాయలు, గరిటెడు పులుసు. ఆ వాసన మళ్ళీ వచ్చింది, మత్రాలో మా గది నిండిన వాసన. మొదటి ముద్ద గొంతు దిగడానికి సమయం పట్టింది. తర్వాత దిగింది. లోతైన రుచి, పొద్దుటంతా పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ఓపిక తెలిసే రుచి. చాలా బాగుంది. అంత బాగుంటుందని నేను అనుకోలేదు. బాగాలేకపోతే కాస్త తేలిగ్గా ఉండేదేమో నాకు. ఇంత బాగున్నదాన్ని ఆయన మెట్ల మీద ఒక్కరే కూర్చుని తిన్నారు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను, ఎవరిని, దేనికి అనేది తెలియలేదు. కూరకి కాదు. లేచి దీపం ఆర్పి పడుకున్నాను.

మిగిలిన అయిదు రోజులు పెట్టిందల్లా తిన్నాను. పొద్దున పూట కూలీలతో తోటలోకి వెళ్ళి గుత్తులు కోశాను. వాళ్ళు కత్తెర పట్టుకోవడం నేర్పారు. వేళ్ళన్నీ జిగటగా నల్లబడ్డాయి, సబ్బుకి వదల్లేదు. సాయంత్రం పెద్దావిడ నేలమాళిగలోకి తీసుకెళ్ళి పీపాలు చూపించింది. ఆ చల్లటి వాసనకి మా పేట కల్లుపాక గుర్తొచ్చి, నాకు తెలియకుండానే కొంగు ముక్కుకి పెట్టుకున్నాను. ఆవిడ చూసి, తన వంట గుడ్డ అంచు తనూ ముక్కుకి పెట్టుకుని నన్ను వెక్కిరించింది.

బయలుదేరే రోజు ఆవిడ గుమ్మందాకానే వచ్చింది. ఉత్తరాలు నాకిచ్చేస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. డబ్బా చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నా దగ్గరే ఉండనీ అన్నట్టు. సరే అన్నాను. నేను దాచుకోవడానికి హక్కు ఉన్న మాటలు కావవి.

మస్కట్ వచ్చాక సార్‌ని చూడటానికి గెస్ట్‌హౌస్‌కి నేనే వెళ్ళాను. "మీ అమ్మగారు బాగున్నారు. మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కనివ్వకండి," అన్నాను.  ఆయన తల ఊపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాతి ఏడాది వాళ్ళిద్దరూ ఫ్రాన్స్ వెళ్ళిపోయారు.

ఒంటరిదాన్నయ్యాను కాబట్టి మత్రా రూమ్ వదిలేసి నర్సుల క్వార్టర్స్‌లోకి మారాను. అక్కడి కుర్ర నర్సులు చుట్టూ చేరి, "ఫ్రాన్స్‌లో ఏం తిన్నావక్కా?" అని అడిగేవాళ్ళు. జున్ను వాసన గురించి చెప్పి నవ్వించేదాన్ని. కోడికూర సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెద్దావిడకి ఇంగ్లీషులో ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. నేను చెప్పాలనుకున్నది ఇంగ్లీషులోకి రాలేదు. చివరికి ఒంగోలు నుంచి వచ్చిన గోంగూర పచ్చడి ఒక సీసా పంపాను, మనుషుల ద్వారా. నోరు మండిపోయి నీళ్ళ కుండ దగ్గరికి పరిగెత్తిందట. పక్కింటాయన మాత్రం జున్నులోకి నంజుకుని సీసా అంతా ఖాళీ చేశాడని మేడమ్ క్రిస్మస్ కార్డులో రాసింది. అలా రెండు క్రిస్మస్‌లు కార్డులు వచ్చాయి.

మూడో ఏడు అక్టోబరులో మేడమ్ దగ్గర్నుంచి నల్ల అంచున్న కవరు వచ్చింది. కోతలు పూర్తయిన వారానికి పెద్దావిడ వంటగదిలో కుర్చీలోనే పోయిందట.

డ్యూటీలో ఉన్నాను అప్పుడు. మేట్రన్ దగ్గరికి వెళ్ళి పూట సెలవు కావాలన్నాను. ఆవిడ మలయాళీ, మంచి మనిషే గానీ రూలు రూలే. మా ఆయన పోయిన రోజు నా చేతిలో ట్రే తీసుకున్నది ఆవిడే.

"ఎవరు పోయారు?" అంది రిజిస్టరు తీస్తూ.

"ఫ్రాన్స్‌లో ఒక పెద్దావిడ."

"నీకేమవుతుంది?"

 స్నేహితురాలు కాదు. పది రోజుల పరిచయం. ఇద్దరికీ కలిసిన భాష లేదు.

"మదర్ ఇన్ లా," అన్నాను.

మేట్రన్ కళ్ళెత్తి చూసింది. నా సంగతులన్నీ ఆవిడకి తెలుసు, మా అత్తగారు ఊళ్ళో బతికే ఉందనీ తెలుసు. అలాగే రాసి సంతకం పెట్టింది.

సెలవు తీసుకున్నాక ఏం చేయాలో తోచలేదు. క్వార్టర్స్‌కి వచ్చి, నానబెట్టిన బట్టలుంటే ఉతికి మేడ మీద ఆరేశాను. మత్రా వైపు నుంచి ఓడ కూత వినబడింది. బకెట్టు బోర్లించి దాని మీద, బట్టలు ఆరేదాకా కూర్చున్నాను.